ఆచంద్రార్క కైంకర్యము – సాళువ నరసింహరాయలు

కృతయుగమునకు తపస్సు, త్రేతాయుగమునకు జ్ఞానము, ద్వాపరమునకు యజ్ఞము, కలియుగమునకు దానము ప్రధానధర్మములని స్మృతికారులు నిర్ణయించిరి. ఒకనాడు మనస్సు కరగి చేతనున్నది ఇచ్చివేయువారు ఏ ఊరనైనను కనబడుదురు. అది అంత కష్టమైన పని కాదు. ఇచ్చిన చేయి మరల మరల ఇచ్చుట, తండ్రి నిలిపిన ధర్మమును కుమారుడు కొనసాగించుట, ఒక దాతను చూచి పదిమంది దాతలు ముందునకు వచ్చుట – ఇదియే కష్టసాధ్యము. ఎన్ని సత్రములు మొదటి సంవత్సరము పండుగవలె నడచి, మూడవ సంవత్సరమునకు పొయ్యి ఆరి, అయిదవ సంవత్సరమునకు గోడలు మాత్రమే మిగులుట లోకము చూడలేదు! దాత మనస్సు మారినదని అట్టిచోట చెప్పుకొందురు. దాత మనస్సొక్కటియే కారణము కాదు. దానము పుచ్చుకొన్న స్థానము దానిని ఎట్లు కాపాడినది, ఎట్లు లెక్క చూపినది, దాతకు ఏమి మిగిల్చినది అనునవియు కారణములే.

ఈ మర్మము నెరిగి నడచిన రాజొకడు అయిదువందల సంవత్సరములకు పూర్వము చంద్రగిరి దుర్గమునందుండెను. ఆయన స్థాపించిన వంశము ఇరువది సంవత్సరములే సింహాసనముపై నిలిచినది. ఆయన ఊతమిచ్చిన కైంకర్యమార్గము మాత్రము రాజ్యములు మారినను మాసిపోలేదు. ఆయనయే సాళువ నరసింహరాయలు.

వంశము, జననము

సాళువ యనగా డేగ. శత్రువులపై డేగవలె వ్రాలు శౌర్యముచేత ఆ వంశమువారికి ఆ పేరు వచ్చినదందురు. వారి పూర్వులలో మంగిదేవుడు ప్రసిద్ధుడు. విజయనగర రాజకుమారుడైన కంపరాయలు మధుర సుల్తానులపై దండెత్తినపుడు మంగిదేవుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. ఆ విజయము వలననే, తురుష్కుల దాడులకు వెరచి శ్రీరంగమునుండి తరలింపబడి తిరుమలలో ఆశ్రయము పొందియున్న శ్రీరంగనాథుని ఉత్సవమూర్తి 1371లో మరల స్వస్థానమును చేరుటకు వీలు కలిగినది. తిరుమల ఆలయమునందలి రంగమంటపము నేటికిని ఆ వృత్తాంతమును స్మరింపజేయుచున్నది. ఆ మంగిదేవుడే 1359లో శ్రీవారి విమానమునకు బంగారు పూత పూయించి, స్వర్ణకలశమును ప్రతిష్ఠించెను.

ఆ వంశమున గుండరాజునకు, మల్లాంబికకు నరసింహుడు జన్మించెను. సంతానము కోరి గుండరాజు అహోబల క్షేత్రమున స్వామిని సేవించెననియు, నృసింహానుగ్రహమున కలిగిన శిశువగుటచేత ఆ నామమే పెట్టెననియు కవులు వర్ణించిరి. రాజనాథ డిండిమకవి సంస్కృతమున రచించిన సాళువాభ్యుదయ మహాకావ్యమునకు ఈయనయే నాయకుడు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు జైమినిభారతమును తెనిగించి ఈయనకే అంకితమిచ్చెను. రామకథను వస్తువుగా గొన్న రామాభ్యుదయ కావ్యము ఈయన పేరనే వెలసినది. ఇట్లు పుట్టువుచేత నృసింహభక్తియు, పూర్వులవలన శ్రీనివాసుని సేవయు ఆయనకు లభించినవి.

కొండపై నాటి స్థితి

1456 ప్రాంతమునాటికి నరసింహుడు చంద్రగిరి రాజ్యమునకు అధిపతియై, విజయనగర చక్రవర్తి మల్లికార్జునరాయలకు సామంతుడుగా ఉండెను. చంద్రగిరి కోటనుండి చూచినవారికి శేషాచల పంక్తులు కన్నులయెదుటనే కానవచ్చును. కొండ ఎక్కు యాత్రికుల కష్టములు ఆయనకు క్రొత్తవి కావు. ఆ కాలమున దారి యంతయు అడవి. మెట్లు ఎక్కి వచ్చిన పరదేశి వైష్ణవునకు స్వామి దర్శనము లభించునుగాని, ఆ పూట ఆకలి ఎవరు తీర్చుదురను నిశ్చయము లేదు. శ్రీవారికి నైవేద్యములు లేకపోలేదు. పల్లవుల నాటినుండి రాజులు, రాణులు, సామంతులు దీపములకు, ప్రసాదములకు భూములిచ్చుచునే యుండిరి. అయినను నివేదనమైన ప్రసాదము అర్చకులకు, పరిచారకులకు, దాతలకు భాగములుగా చెల్లుచుండెను. దూరమునుండి వచ్చి ఏ భాగమును లేని యాత్రికుని మాట విచారించువారు కావలసియుండెను.

శ్రీవైష్ణవ సంప్రదాయమున భగవత్కైంకర్యముకంటె భాగవత కైంకర్యమునకు ఒక మెట్టు ఎక్కువ ఆదరము కలదు. స్వామికి నివేదించినది స్వామిభక్తుల కుక్షిని చేరినపుడే ఆ సేవ పూర్ణమగును. నరసింహుడు ఆ లోపమును తీర్చుటకు తిరుమలలోను, తిరుపతిలోను రామానుజకూటములను నెలకొల్పెను. రామానుజకూటమనగా యాత్రికులైన శ్రీవైష్ణవులకు తదీయారాధనము జరుగు అన్నశాల. వాని నిర్వహణమును కందాడై రామానుజ అయ్యంగార్లను ఆచార్యపురుషునకు అప్పగించెను. ఆయన మణవాళ మహామునుల శిష్యకోటిలో అగ్రగణ్యులైన కోయిల్ కందాడై అణ్ణన్ వారి శిష్యుడు. శ్రీవారి స్వర్ణభాండాగార వ్యవహారమును చూచుచుండిన పెద్ద. రాజునకు ధనము కలదు, ఆచార్యునకు విశ్వాసపాత్రత కలదు. ఆ రెండింటి కలయికచేత తిరుమలలో దానమునకు ఒక పద్ధతి బలపడినది.

తరుగని మూలము

ఆ పద్ధతి ఎట్టిదో వివరముగా తెలిసికొనదగినది. దాత యొకడు శ్రీవారి సన్నిధికి వచ్చి ఇన్ని పణములు సమర్పించెననుకొందము. ఆ ధనమును నేరుగా వంటశాలకు పంపినచో పది దినములలోనో, పది మాసములలోనో అది అయిపోవును. అటుపిమ్మట దాతను మరల యాచింపవలెను. అతడు ఈయనిచో నైవేద్యము నిలిచిపోవును. తిరుమల స్థానత్తారు, అనగా ఆనాటి ఆలయపాలకులు, అట్లు చేయలేదు. ఆ పణములతో దేవస్వగ్రామములలో చెరువులు బాగుచేయించిరి, కాలువలు త్రవ్వించిరి. వానలు తక్కువైన ఆ సీమలో నీరు పారిన మెట్టనేల మాగాణియగును. అదనముగా పండిన పంటనుండి ఆ దాత పేర నిత్యమో, పర్వదినములందో నైవేద్యము జరిపించిరి.

ఒక్క దానమున ఎన్ని ఫలములో చూడుడు. స్వామికి నైవేద్యము నిలిచినది. దేవస్వగ్రామమునందలి కృషీవలునకు నీరు దొరికినది. ఆలయమునకు పంట పెరిగినది. దాతకు తాను సమర్పించిన మూలధనము ఖర్చుకాలేదను నిశ్చయము కలిగినది. మూలమును ముట్టక ఫలమును మాత్రమే వినియోగించుట ఈ పద్ధతికి ప్రాణము. చెట్టును నరికి ఒకనాడు వంటచెరకు చేసికొనుటకును, చెట్టును పెంచి ప్రతియేట పండ్లు కోసికొనుటకును గల భేదమే ఇది. గ్రామములను దానమిచ్చిన రాజులకు, వేయి పణములిచ్చిన వర్తకునకు, కొలది పణములిచ్చిన సామాన్యునకు సైతము ఈ క్రమమే వర్తించెను.

రెండవది, లెక్క. దానమెంత, దానితో జరుగవలసిన సేవ యేది, ఏ దినమున, ఏ సన్నిధిలో, ఎన్ని తళిగలు, బియ్యము ఎన్ని మరక్కాళ్ళు, నెయ్యి ఎన్ని ఉళక్కులు, పెసరపప్పు, పెరుగు, కూరలు, చందనము, ఆకులు, వక్కలు ఎంతెంత – ఇవన్నియు పత్రముపై వ్రాసి, ఆలయపు గోడలపై శిలాశాసనముగా చెక్కించెడివారు. స్థానత్తారు దాతకు వ్రాసియిచ్చిన ఆ ఒడంబడికను కోయిల్ కణక్కు తిరునిన్ర ఊరుడైయాన్ అను ఆలయపు లెక్కరి వ్రాసినట్లు తుదిని కనబడును. దాత మరణించినను గోడ మాటాడుచుండును. ప్రదక్షిణము చేయు ప్రతివాడును చదువగలుగునట్లు వ్రాసిన లెక్కను మరుగుపరచుట ఎవరికి సాధ్యము? ఆ వ్రాతను చూచిన దాత కుమారుడు తన తండ్రి సొమ్ము ఏమైనదో అడుగవలసిన పని లేదు. చూచిన పరాయివాడు తానును ఇచ్చిన నిలుచునని ధైర్యము తెచ్చుకొనును.

మూడవది, దాత భాగము. నైవేద్యమైన ప్రసాదమున నాల్గవవంతు దాతకు చెందును. తమిళశాసనములలో దీనికి విట్టవన్ విళుక్కాడు, అనగా ఇచ్చినవాని భాగము, అని పేరు. మిగిలిన మూడుపాళ్ళును అర్చకులు, అధ్యాపకులు, పరిచారకులు మున్నగువారికి చెల్లును. దాత తన భాగమును తాను అనుభవింపవచ్చును, సంతానమునకు వ్రాయవచ్చును, తన కిష్టమైన మఠమునకో, ఆచార్యునకో ఇచ్చివేయవచ్చును. శ్రీవారి ప్రసాదమునందు తన వంశమునకొక భాగము నిలిచియున్నదను భావన దాతను స్వామికి కట్టివేసెడి బంగారుగొలుసు. ఇచ్చి మరచిపోవువాడు కాక, ఇచ్చి నిత్యము తలచుకొనువాడగును.

ఇచ్చటనే కందాడై రామానుజ అయ్యంగార్ల ప్రతిభ వెల్లడియైనది. ఆ నాల్గవవంతు భాగమును రామానుజకూటమునకు విడిచిపెట్టునట్లు ఏర్పాట్లు జరిగినవి. నరసింహుడు మార్గము చూపెను, ఇతరదాతలును అనుసరించిరి. ఒకే అన్నము ముందుగా స్వామికి నివేదనమైనది. పిదప దాతకు హక్కుభుక్తమైనది. తుదకు దాత చేతిమీదుగా పేరు తెలియని యాత్రికుని ఆకలి తీర్చినది. ఒకే దానమున మూడు దానములు. దాతకు దక్కిన గౌరవమే మరియొక ధర్మమునకు విత్తనమైనది. సాత్తాద శ్రీవైష్ణవులును, అనగా బ్రాహ్మణేతరులైన వైష్ణవులును, రామానుజకూటపు సేవలో పాలుగొనిరి. దేశము నలుమూలలనుండి వచ్చు భక్తులకు కులగోత్రముల పట్టింపుకంటె తిరుమణి ధారణమే పరిచయపత్రమైనది.

మంటపములు, ఉత్సవములు

నరసింహుడు స్వయముగా చేసిన కైంకర్యములు ఎన్నియో కలవు. 1470 ప్రాంతమున శ్రీవారి ఆలయపు సంపంగి ప్రదక్షిణమున నాలుగుమూలల నాలుగుస్తంభముల మంటపములను కట్టించెను. ఒకటి తన పేర, ఒకటి ధర్మపత్ని పేర, తక్కిన రెండును తన కుమారు లిరువురి పేర. 1473లో శ్రీవారికి అణ్ణా ఊంజల్ తిరునాళ్ అను డోలోత్సవమును ఏర్పరచి, అందుకొరకు ఒక ఎత్తైన మంటపమును నిర్మించెను. అదియే ఇప్పుడు తిరుమలరాయ మంటపమని పిలువబడుచున్న మంటపపు లోపలిభాగము. మంటపము కట్టి విడిచిపెట్టుటతో ఆయన తృప్తిచెందలేదు. మంటపమున్నచో ఉత్సవముండవలెను, ఉత్సవమున్నచో ప్రసాదముండవలెను, ప్రసాదమున్నచో దానికి ఆదాయము నిచ్చు నేల ఉండవలెను. ఈ గొలుసులో ఏ లంకె తెగినను రాయి మిగులునేగాని సేవ మిగులదని ఆయన ఎరుగును.

అన్నమాచార్యుని వృత్తాంతము

దానము చేయువానికి లోపలినుండి వచ్చు శత్రువొకడు కలడు. వానిపేరు అభిమానము. ఇంత ఇచ్చితిని గదా, నన్ను పొగడరేమి యను తలంపు పుట్టిననాడు దానము బేరమగును. నరసింహరాయల జీవితమున అట్టి ఘట్టమొకటి సంభవించినట్లు తాళ్ళపాకవారి పారంపర్యము చెప్పుచున్నది. అన్నమాచార్యుని మనుమడు చిన్నన్న రచించిన చరిత్రమున ఆ కథ కలదు.

నరసింహుడు టంగుటూరు ప్రభువుగా నున్నపుడే అన్నమాచార్యుని కీర్తిని విని, ఆదరించి, చెలిమి చేసెను. పిమ్మట పెనుగొండలో కొలువుండగా, ఒకనాడు శ్రీవేంకటేశ్వరునిపై ఆచార్యుడు పాడిన శృంగారపదమును విని పరవశుడై, అట్టిపదమే తనమీదను చెప్పుమని కోరెను. ఆచార్యుడు చెవులు మూసికొని హరినామము స్మరించి, ముకుందుని పొగడిన నాలుక మానవుని పొగడదని తెలిపి నిరాకరించెను. రాజు క్రుద్ధుడై సంకెలలు వేయించెను. ఆచార్యుడు స్వామిని శరణువేడి పాడగా సంకెలలు తమంతట ఊడిపడినవట. రాజు తన తప్పు తెలిసికొని పాదములపై బడి క్షమాపణము వేడెను.

ఈ కథను మహిమకొరకే చెప్పుకొనుట వాడుక. దాతలకును, దానము పుచ్చుకొనువారికిని ఇందొక పాఠమున్నది. దాతను సంతోషపెట్టుటకై స్వామికి చెందవలసిన దానిని దాతకు సమర్పించినచో, ఆ క్షణమున అతడు ఉప్పొంగవచ్చును. కాని దాత నిలిచి నమ్ముకొనిన స్థానమే కూలిపోవును. పొగడ్తతో వచ్చిన దాత అంతకంటె తీయని పొగడ్త దొరికినచోటికి పోవును. రాజు ఆగ్రహమునకు జంకక కాదన్న ఆచార్యుని విడిచి దాత దూరముగా పోలేదు, మరింత వంగెను. తిరుమల శాసనములలో దాత పేరు ఉండును, బిరుదులును ఉండును. అయినను ఆ పేరు స్వామి గోడపై, స్వామి సేవ నిమిత్తము వ్రాయబడిన పేరు. దాతకు గౌరవము కలదు. ఆ గౌరవము స్వామి పాదములకు దిగువనే కలదు. ఈ మేర మీరని స్థానముననే దానము నిలకడ చెందును.

రాజ్యభారము

నరసింహుని కాలము శాంతికాలము కాదు. ఓఢ్ర గజపతుల సైన్యములు 1464 ప్రాంతమున కంచి వరకు దిగివచ్చినవి. విజయనగర ప్రభువులు దుర్బలులై యుండగా, సామ్రాజ్యపు తూర్పుభాగమును నిలువరించిన భారము చంద్రగిరిపై పడినది. కపిలేంద్ర గజపతి మరణానంతరము నరసింహుడు ఉదయగిరిని సాధించెను. 1481లో బహమనీ సుల్తాను కంచిపై దాడిచేసెను. ఇట్టి యుద్ధముల నడుమనే పైన చెప్పిన మంటపములు లేచినవి, ఉత్సవములు నడచినవి. శత్రువు వాకిట నిలిచినపుడు దేవునిసొమ్మును యుద్ధమునకు లాగు రాజులు చరిత్రలో లేకపోలేదు. ఇచట మాత్రము యుద్ధకాలమునందును కైంకర్యములు పెరిగినవి.

విరూపాక్షరాయల పాలన అస్తవ్యస్తమై, ఆయన స్వపుత్రునిచేతనే హతుడైన పిమ్మట, 1485లో నరసింహుని సేనానియైన తుళువ నరసనాయకుడు విజయనగరమును పట్టుకొనెను. నరసింహుడు సింహాసన మెక్కెను. సంగమవంశము అంతరించినది. దీనిని రాజ్యాపహరణమనువారు కలరు. మునిగిపోవు నావను ఒడ్డుచేర్చుటయనువారును కలరు. ఏమైనను ఆయన ఏలిన ఆరు సంవత్సరములును సామంతుల తిరుగుబాట్లతోనే గడచినవి. ఉదయగిరి మరల గజపతుల వశమైనది. 1491లో ఆయన పరమపదించెను. ఉదయగిరి, రాయచూరు మున్నగు దుర్గములను సాధింపలేకపోతినను విచారముతో ఆయన కన్నుమూసెనని పోర్చుగీసు వర్తకుడైన న్యూనిజ్ వ్రాసెను. చిన్నవారైన కుమారులను, రాజ్యమును నరసనాయకుని చేతిలో పెట్టెను.

నిలిచినది, నిలువనిది

ఇక కుమారుల కథ చెప్పుటకు దుఃఖకరము. పెద్దకుమారుడు స్వల్పకాలముననే హతుడాయెను. చిన్నవాడైన ఇమ్మడి నరసింహుడు పేరునకు మాత్రము రాజై, పెనుగొండలో బందీవలె ఉండి, 1505లో చంపబడెను. సింహాసనము తుళువవంశమునకు పోయినది. ఏ కుమారులకొరకై తండ్రి రాజ్యమును గడించెనో ఆ కుమారులకు రాజ్యము దక్కలేదు. ఆ కుమారుల పేర స్వామిసన్నిధిలో ఎత్తించిన నాలుగుస్తంభములు మాత్రము వారికంటె ఎక్కువకాలము నిలిచినవి. తనకై దాచుకొన్నది పోయినది. స్వామికి సమర్పించినది నిలిచినది. ఇంతకంటె స్పష్టమైన ఉపదేశము ఏ పురాణమున వెదకవలెను?

క్రొత్తవంశము వచ్చినపుడు పాతవంశపు గుర్తులను చెరుపుట రాజనీతియని చాలమంది భావింతురు. తిరుమలలో అట్లు జరుగలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న ప్రథమముగా శ్రీవారిని దర్శించి, నవరత్నకిరీటమును సమర్పించెను. పిమ్మట అనేకపర్యాయములు కొండకు వచ్చెను. 1514లో ఉదయగిరి జయానంతరము ముప్పదివేల వరహాలతో స్వామికి కనకాభిషేకము చేయించెను. నరసింహుడు సాధింపలేక విచారించిన దుర్గమే అది. 1518లో ఆనందనిలయ విమానమునకు బంగారుపూత పూయించెను. ఒకసారి ఇచ్చిపోయిన రాజు కాదు. విజయమైనపుడును వచ్చెను, ఊరకయు వచ్చెను. ఇచ్చినది నిలుచుచున్నదని ప్రతిపర్యాయము తన కన్నులతో చూచుటయే ఆయనను మరల మరల రప్పించినదని తలచుట తప్పు కాదు.

శాసనముల సంఖ్యయే ఇందుకు సాక్ష్యము. తిరుమల తిరుపతి ఆలయములలో సాళువకాలమునాటి శాసనములు 169 అని, కృష్ణదేవరాయల కాలమునాటివి 229 అని, అచ్యుతరాయల కాలమునాటివి 251 అని పండితులు లెక్కించిరి. వీనిలో రాజులవి కొన్నియే. సేనానులు, మంత్రులు, వర్తకులు, ఆచార్యులు, దేవదాసీలు, సామాన్యగృహస్థులు కూడ దాతలైరి. సంకెలలు వేయించుకొన్న అన్నమాచార్యుని కుమారుడైన పెదతిరుమలాచార్యుడు అచ్యుతరాయల కాలమున శ్రీవారికి గ్రామములను సమర్పించిన గొప్పదాతలలో ఒకడు. తండ్రి పాటను సమర్పించెను. కుమారుడు పాటతోపాటు పంటనుకూడ సమర్పించెను.

నరసింహుడు ఊయల సేవకై కట్టించిన మంటపమును అరవీటివంశపు ప్రభువులు పెంచి, ఇప్పటి పరిమాణమునకు తెచ్చిరి. అందుచేతనే తిరుమలరాయ మంటపమను పేరు వచ్చినది. సాళువుడు పునాది వేయగా అరవీటివారు విస్తరించిరి. బ్రహ్మోత్సవారంభమున ధ్వజారోహణ సమయమునందు మలయప్పస్వామి అచట ఆస్థానము చేయును. ఆనాడు వినియోగమగు ప్రసాదమునకు నేటికిని తిరుమలరాయని పొంగలి యని పేరు. ప్రసాదమందు పేరు నిలుచుటకంటె దాతకు వేరు భాగ్యమేమి?

శాశ్వతమని వ్రాసినవన్నియు చెక్కుచెదరక సాగినవని చెప్పుటకు వీలులేదు. సామ్రాజ్యము పతనమైన పిదప గ్రామములు చేతులు మారినవి. నవాబుల కాలమున ఆలయాదాయము కప్పములకు పోయినది. 1801లో కుంపిణీవారు, 1843లో హాథీరాంజీ మఠాధిపతులు పాలనము వహించిరి. 1933లో దేవస్థానపాలనమునకు ప్రత్యేక శాసనము వచ్చినది. ఈ మార్పులలో ఎన్నియో నిబంధనములు నిలిచిపోయినవి. అయినను గోడలపై లెక్క చెరగలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటి పండితుల కృషిచేత ఆ శాసనములు 1931నుండి సంపుటములుగా వెలువడినవి. రెండవ సంపుటమంతయు సాళువ నరసింహుని కాలమునాటి శాసనములకే వినియోగింపబడినది. ఎవరు ఏమిచ్చిరో అయిదువందల ఏండ్లకు తరువాత కూడ ఉళక్కు నెయ్యితో సహా చెప్పగలుగుటకు కారణము ఆనాటివారు లెక్కను దాచక రాతిపై వ్రాయుటయే.

1985 ఏప్రిల్ 6న తిరుమలలో నిత్యాన్నదానము ఆరంభమైనపుడును ఆ పాతసూత్రమే ఆధారమైనది. దాతల విరాళములను మూలధనముగా నిలిపి, దానిపై వచ్చు వడ్డీతో అన్నప్రసాదము పెట్టుట ఆ ఏర్పాటు. నాడు కాలువ నీరు, నేడు బ్యాంకు వడ్డీ. మూలము తరుగరాదను నియమము ఒక్కటియే. నాటి రామానుజకూటపు పంక్తిలో కూర్చున్న యాత్రికుడును, నేటి అన్నప్రసాదశాలలో కూర్చున్న యాత్రికుడును దాత ముఖమును ఎరుగరు. స్వామి యెరుగును.

సత్రము నడుపువారు, భజనమందిరము కట్టువారు, ఊరిలో ఉత్సవము నిర్వహించువారు నరసింహరాయల చరిత్రనుండి నాలుగు విషయములను గ్రహింపవలెను. ఇచ్చినదానిని ఖర్చుచేయక ఫలింపజేయవలెను. లెక్కను అందరు చదువునట్లు వ్రాయవలెను. దాతకు ప్రసాదభాగమిచ్చి స్వామితో సంబంధమును నిలుపవలెను. దాతను ఆదరింపవలెనుగాని స్వామి పీఠమున కూర్చుండబెట్టరాదు. ఈ నాలుగును ఉన్నచోట దాతను వెదకికొని పోవలసిన పని లేదు. అతడే మరల వచ్చును, తన కుమారునికూడ వెంటబెట్టుకొని వచ్చును.

సంపంగి ప్రదక్షిణమునందలి నాలుగుస్తంభముల మంటపములను దర్శించు భాగ్యము కలిగిన భక్తులు ఒక్కక్షణము నిలిచి, రాజ్యమును కోల్పోయియు కైంకర్యమును కోల్పోని ఆ తండ్రిని, ఆ బిడ్డలను స్మరింతురుగాక. అట్టి తరుగని దానబుద్ధి అందరికి శ్రీ వేంకటేశ్వరుడు ప్రసాదించుగాక.